అవ్వ ముఖం, జామినీ రాయ్ గీత: పిల్లల చేత ముఖచిత్రాలు వేయించే పద్ధతి

పిల్లలకు మనిషి ముఖం గీయడం నేర్పాలనుకోగానే మనలో చాలామంది ముందు షేడింగ్ మొదలుపెడతారు. ముక్కు పక్కన కొంచెం నలుపు, చెంప కింద కొంచెం నలుపు, ఆ తర్వాత వేలితో రుద్దుడు. ఎనిమిదేళ్ల పిల్లకు అది అందదు. కాగితం మాసిపోతుంది, ముఖం మసిబారుతుంది, "నాకు డ్రాయింగ్ రాదు" అనే మాట అక్కడే మొదలవుతుంది. ఆ వయసు చేతికి చక్కగా వచ్చేది గీత. అందుకని గీత మీదే ఆధారపడి ముఖాలు వేసిన ఒక పెద్ద చిత్రకారుణ్ణి తోడు తెచ్చుకుంటే పని తేలికవుతుంది. నేను ఎప్పుడూ జామినీ రాయ్ దగ్గరికే వెళ్తాను.

ఒంగోలులో సెలవుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పేటప్పుడు నేను పాటించే వరస ఇది. ఇంట్లో ఇద్దరు పిల్లలతో చేయించవచ్చు, అపార్ట్‌మెంట్ పిల్లలందరినీ సాయంత్రం మేడ మీద కూర్చోబెట్టీ చేయించవచ్చు. పూటకు గంటన్నర చొప్పున నాలుగు పూటలు పెట్టుకోండి. ఒక్క రోజులో ముగించాలని చూస్తే రంగులు ఆరవు, పిల్లలూ అలిసిపోతారు.

ముందు ఆయన సంగతి కొంచెం

జామినీ రాయ్ 1887లో బెంగాల్‌లో, బాంకురా జిల్లా బేలియాతోర్ అనే ఊళ్లో పుట్టారు. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో యూరప్ పద్ధతి ఆయిల్ పెయింటింగ్ నేర్చుకున్నారు. కొన్నేళ్లు ఆ పద్ధతిలోనే పోర్ట్రెయిట్లు వేసి బతికారు. అంటే వెలుగునీడలు ఆయనకు బాగా వచ్చు. వచ్చాకే పక్కన పెట్టారు. 1920ల్లో కలకత్తాలోని కాళీఘాట్ గుడి దగ్గర యాత్రికులకు అమ్మే పటాల వైపు, తన సొంత జిల్లా జానపదుల బొమ్మల వైపు మళ్లారు. ఖరీదైన కాన్వాసు మానేసి గుడ్డ మీద, అట్ట మీద, అల్లిన చాప మీద వేశారు. రంగులు కూడా చేతికందే వాటితోనే: మన్ను, సుద్ద, నీలిమందు, దీపం మసి. అవి గట్టిగా పట్టడానికి చింతగింజల జిగురు. 1954లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 1972లో కన్నుమూశారు.

ఈ సరుకుల జాబితా చదివితే మన ప్రకాశం, నెల్లూరు ఇళ్లలో ఉండేవే అన్నీ. నేను ఆయన్ని ఎంచుకోవడానికి సగం కారణం అదే. మిగతా సగం కారణం కళ్లు. తోలుబొమ్మలాట చూసి పెరిగిన వాళ్లకు, బాపు బొమ్మలు ఇంట్లో ఉన్నవాళ్లకు అంత పెద్ద కళ్లు, అంత ధీమాగా సాగే నల్లగీత పరాయిగా అనిపించవు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. దయచేసి జామినీ రాయ్ బొమ్మను పిల్లల చేత కాపీ కొట్టించకండి. ప్రింటవుట్ తీసిచ్చి రంగులు నింపమంటే ముప్పై మంది పిల్లలు ముప్పై సార్లు ఒకే బెంగాలీ అమ్మాయిని వేస్తారు. అందులో వాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఆయన నిర్ణయాలు. ముఖం మాత్రం పిల్లల ఇంటి మనిషిది కావాలి. బొమ్మ పూర్తయ్యాక ఇంట్లో వాళ్లకు చూపిస్తే, ఎవరో చెప్పకుండానే "ఇది మన అవ్వ కదా" అనాలి. నాలుగు పూటలూ మనం చేసే పని ఈ పరీక్ష కోసమే.

సామాను

మనిషికొక పలక, బలపం. మార్కాపురం రాతి పలక ఇంట్లో ఎక్కడైనా మూలన పడి ఉంటే దాన్ని తీయండి, ప్లాస్టిక్ దానికంటే బలపం దాని మీద బాగా నడుస్తుంది. కిరాణా కొట్లో అడిగితే ఇచ్చే అట్టపెట్టెలు కోసి, చార్టు షీటులో సగం సైజు ముక్కలు చేసుకోండి. మడతలు, స్టిక్కర్లు లేని వైపు చూసుకోవాలి. ఆ గోధుమరంగునే వెనక రంగుగా వదిలేయవచ్చు. అది ఈ శైలికి బాగా నప్పుతుంది. గుండ్రటి బ్రష్‌లు రెండు సైజులు, 8 ఒకటి, 3 ఒకటి. నల్లగీతకు వాడే బ్రష్ కొన బాగుండాలి, కొనేటప్పుడు తడిపి చూసుకోండి. తడిపి విదిలిస్తే వెంట్రుకలన్నీ ఒక మొనగా చేరాలి.

రంగులకు రెండు దారులున్నాయి. తీరిక లేకపోతే పోస్టర్ కలర్స్ చాలు: నలుపు, తెలుపు, ఇటుక ఎరుపు, ఎల్లో ఓకర్ (పసుపు మన్ను రంగు), నీలం. ఐదుకు మించి కొనవద్దు. పన్నెండు సీసాల పెట్టె కొంటే పన్నెండూ వాడాలనిపిస్తుంది.

తీరిక ఉంటే మాత్రం రంగులు చేయించండి. ఒక పూట మొత్తం దీనికే పోయినా నష్టం లేదు.

ముందు రంగుల్లో కలిపే జిగురు. చింతపండు కొట్టే రోజుల్లో గింజలు ఊరికే దొరుకుతాయి. గుప్పెడు గింజలు మూకుట్లో వేయించి, పైతోలు పగిలాక దంచి పొట్టు తీసేయండి. పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బండి. ఆ ముద్ద రెండు చిన్న చెంచాలు ఒక గ్లాసు నీళ్లలో కలిపి, సన్న మంట మీద కలియతిప్పుతూ ఉడికించాలి. చెంచా ముంచి తీస్తే దాని వెనక పల్చగా పట్టి ఉండాలి. అప్పుడు దించి పలచటి బట్టలో వడకట్టండి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లదే. ఈ జిగురు మన ఎండలకు మర్నాటికే వాసన కొడుతుంది కాబట్టి ఏ పూటకాపూట చేసుకోవాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

ఎరుపుకు ఎర్రమన్ను. కనిగిరి వైపో ఉదయగిరి వైపో బంధువులుంటే ఒక సంచీ తెప్పించుకోండి. కానీ మన్నును జల్లించి నేరుగా వాడితే బ్రష్ కింద ఇసుక గరగరలాడుతుంది. పిల్లలకు ఈ పద్ధతి చూపించండి. గిన్నెలో మన్ను, దాని మీద నిండా నీళ్లు పోసి బాగా కలపాలి. ఇరవై అంకెలు లెక్కపెట్టే లోపు ఇసుక అడుక్కు దిగుతుంది, పైన ఎర్రటి నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లను మాత్రం మెల్లగా ఇంకో గిన్నెలోకి వంచాలి. ఇలాగే ఇంకోసారి చేసి, వంచిన నీళ్లను రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకి అడుగున మెత్తటి ఎర్ర ముద్ద పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లు పారబోసి ఆ ముద్ద తీసుకోవాలి. వేళ్ల మధ్య రాస్తే నలక తగలకూడదు. ఆ ముద్దను వేలితో తాకి చూసిన పిల్లలకు రంగంటే సీసాలో వచ్చేది మాత్రమే కాదని వేరే చెప్పనక్కర్లేదు.

లేత పసుపుకు పూజ సామాన్ల కొట్లో దొరికే గోపీచందనం బాగుంటుంది, అదీ ఒక రకం మన్నే. వంటింటి పసుపు వాడవచ్చు కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. పైగా దాని పక్కన సున్నం వాడితే పసుపు కాస్తా పారాణి ఎరుపుకు తిరుగుతుంది. కాబట్టి తెలుపుకు సున్నం వద్దు, సుద్దముక్కలు దంచిన పొడి వాడండి. ముగ్గుపిండి గరుకుగా ఉంటుంది, పనికిరాదు. నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు పొడి. నలుపుకు ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసి. మసి ఒక పట్టాన నీళ్లలో కలవదు, పైకి తేలిపోతుంది. ముందు నాలుగు చుక్కల చిక్కటి జిగురు వేసి సాన మీదో పింగాణీ సాసర్‌లోనో బాగా నూరి, అది మెరిసే ముద్ద అయ్యాకే నీళ్లు చేర్చాలి.

పాత చిత్రకారుల ఎరుపుల్లో పాదరసం కలిసినవి కూడా ఉండేవి. పిల్లలతో అవేవీ వద్దు. కొట్లో అమ్మే సింధూరం పొట్లాలు కూడా ముట్టుకోనివ్వకండి.

మొదటి పూట: చూడటం

ఫోన్‌లోనో టీవీలోనో జామినీ రాయ్ బొమ్మలు నాలుగైదు చూపించండి. ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆయనవి చాలా ఉన్నాయి, వెతికితే తేలిగ్గా దొరుకుతాయి. తల్లీబిడ్డల బొమ్మ ఒకటి, ముగ్గురు స్త్రీలున్నది ఒకటి, ఆయన వేసిన ఏసుక్రీస్తు బొమ్మ ఒకటి, రొయ్యను నోట కరుచుకున్న పిల్లుల బొమ్మ ఒకటి ఉండేలా చూసుకోండి. ఆఖరిది చూడగానే నెల్లూరు పిల్లలు నవ్వుతారు. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే పిల్లుల్ని వాళ్లు రోజూ చూస్తుంటారు.

మీరు పాఠం చెప్పకండి, అడగండి. ఈ బొమ్మలో రంగులు ఎన్ని? నల్లగీత మధ్యలో ఎక్కడైనా తెగిందా? కన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? నల్లగుడ్డు ఉందా లేదా? చెంప మీద నీడ కనిపిస్తోందా? కొన్ని బొమ్మల్లో కంటి కొస చెవి దాకా పోతుందని, కొన్నిట్లో ముఖం అంచు దాటిపోతుందని, కొన్నిట్లో గుడ్డే ఉండదని పిల్లలే కనిపెడతారు. ఐదేళ్ల పిల్లలు మనకంటే ముందు కనిపెడతారు. ఈ ముచ్చట పది నిమిషాలు చాలు. తర్వాత ఫోన్ లోపల పెట్టేయండి. మళ్లీ బయటికి తీయవద్దు, తీస్తే కాపీ మొదలవుతుంది.

ఇప్పుడు ఎవరి బొమ్మ వేయాలో ఎంచుకోమనండి. రోజూ దగ్గర్నుంచి చూసే మనిషి కావాలి: అవ్వ, తాత, అమ్మ, అత్త, పాలు పోసే ఆమె, ఎదురింటి మామ. సినిమా హీరో వద్దు, ఫోటోలో చూసిన ముఖం ఇక్కడ పనికిరాదు. ఎంచుకున్న మనిషిని ఇంటికెళ్లి చూసి ఐదు గుర్తులు కాగితం మీద రాసుకు రమ్మనండి. "మంచిది", "అందంగా ఉంటుంది" అని రాసుకొస్తే వెనక్కి పంపండి. కంటికి కనిపించేవి కావాలి. ముక్కుపుడక ఏ వైపు? పాపిడి మధ్యనా పక్కనా? ముడి ఎంత ఎత్తులో? కనుబొమలు కలిసి ఉన్నాయా? బొట్టు గుండ్రమా నిలువా? మీసం కొసలు పైకా కిందికా? చెవి కింది భాగం కమ్మల బరువుకు సాగి ఉందా?

ఈ ఐదు గుర్తులే రేపు బొమ్మను కాపాడతాయి. ఈ శైలిలో అందరి కళ్లూ ఇంచుమించు ఒకేలా వస్తాయి. మనిషిని మనిషిగా చూపించేవి ఈ చిన్న గుర్తులు. పిల్లలు చూడకుండా గీసిన బొమ్మకూ చూసి గీసిన బొమ్మకూ తేడా ఇక్కడే తెలిసిపోతుంది, కాబట్టి ఈ మెట్టు ఎంత తొందరగా ఉన్నా ఎగ్గొట్టకండి.

రెండో పూట: పలక మీద గీత, కన్ను

పలకతో లాభమేంటంటే చెరిపేయవచ్చు. కాగితం ఖరాబవుతుందనే భయం ఉండదు, కాబట్టి చెయ్యి బిగుసుకోదు. పిల్లలు మణికట్టుతో చిన్న చిన్న గీతలు గీకి ముఖం చేస్తారు, అలా వచ్చిన గీత వెంట్రుకలు లేచినట్టు కనిపిస్తుంది. భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలించి, పలక ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క వంపు గీయమనండి. చెరిపి మళ్లీ. గీస్తున్నప్పుడు కళ్లు బలపం కొన మీద కాకుండా గీత వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి. ఈ ఒక్క చిట్కాతో గీతలు చటుక్కున వణకకుండా వస్తాయి.

తర్వాత కన్ను. పై వంపు ఒకటి, కింది వంపు ఒకటి. లోపలి కొస ముక్కు దగ్గర మొద్దుగా, బయటి కొస సన్నగా సాగాలి. చేప ఒంటిని గీయమంటే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది: తల ముక్కు వైపు, తోక చెవి వైపు. నల్లగుడ్డు పై రెప్పను తాకుతూ ఉండాలి. కన్ను మధ్యలో ఎటూ తగలకుండా వేలాడితే ఆ మనిషి బెదిరిపోయినట్టు కనిపిస్తుంది. పలక మీద రెండు కళ్లూ ఈ తేడాతో గీసి చూపించండి, పిల్లలు మర్చిపోరు.

కనుబొమ నుంచి ముక్కు దాకా ఒకే గీత. ఇది ఈ శైలికి ప్రాణం. బయటి నుంచి కనుబొమ మొదలుపెట్టి, ముక్కు మొదట్లో వంపు తిప్పి, కిందికి జార్చి, ముక్కు కొన దగ్గర చిన్న కొక్కెం. చెయ్యి ఎత్తకూడదు. రెండో కనుబొమ విడిగా. పెదవులు చిన్నవి, ముక్కు వెడల్పు దాటకూడదు. కళ్లు పెద్దగా కనిపించాలంటే నోరు చిన్నదై ఉండాలి.

ఐదారేళ్ల పిల్లలకు ఈ పూట పలక మీద కళ్లతోనే సరిపోతుంది. అంతకు మించి లాగకండి. ఏడు దాటిన వాళ్లు పూర్తి ముఖం నాలుగైదు సార్లు పలక మీద వేశాక అట్ట దగ్గరికి రావచ్చు. పదేళ్లు దాటిన వాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. "నిజం మనిషికి కళ్లు అంత ఉండవు కదా సార్" అంటారు. అది మంచి ప్రశ్న. కొలిచి చూపించండి. నిజం ముఖం వెడల్పులో ఒక కన్ను ఇంచుమించు ఐదో వంతు ఉంటుంది. జామినీ రాయ్ బొమ్మల్లో అది దాదాపు సగం దాకా పోతుంది. దేన్ని పెంచాలో ఆయన తెలిసే పెంచారు, పెంచిన దానికి చోటివ్వడం కోసం నోరు, చెవులు, గడ్డం తగ్గించారు. ఆ వయసు పిల్లలకు ఈ లెక్క నచ్చుతుంది. వాళ్ల తాత ముఖంలో దేన్ని పెంచాలో అప్పుడు వాళ్లే ఆలోచిస్తారు. ఒకరు కళ్లకు బదులు మీసం పెంచుతామంటారు. ఒప్పుకోండి.

మూడో పూట: అట్ట మీద ముఖం, రంగు

అట్ట నిలువుగా పెట్టండి. నిలువునా మధ్యలో పెన్సిల్‌తో తేలికపాటి గీత. తల పైభాగం అంచుకు నాలుగు వేళ్ల కిందికి రావాలి, భుజాలు కింది అంచును తాకాలి. పిల్లలు బొమ్మను పేజీ మధ్యలో అరచేయంత వేసి చుట్టూ ఖాళీ వదిలేస్తారు. భుజాలు అంచు దాకా పోవాలని మొదటే చెబితే ముఖం దానంతటదే పెద్దదవుతుంది. ముఖం కోడిగుడ్డు ఆకారం కంటే కొంచెం పొడుగ్గా, కళ్ల గీత సగం కంటే కాస్త పైన. మెడ సన్నబడకుండా చూడండి, లేకపోతే అంత పెద్ద తల నిలబడదు. పెన్సిల్ దశలో రబ్బరు ఇవ్వచ్చు.

గుర్తులు రాసిన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చేర్చమనండి. కొన్ని ముఖాలకు దారి ముందే తెలిసి ఉంటే మీకు తేలిక. కళ్లజోడున్న తాత బొమ్మలో ముందు కళ్లు పొడుగ్గా గీసి, ఆ పైన కళ్లజోడును చిన్నగా గీయాలి. కంటి కొసలు ఫ్రేము దాటి బయటికి రావాలి. తలపాగా అయితే ఒకే తెల్లటి ఆకారం, దాని మీద మూడు వంపులు చాలు, మడతలన్నీ వద్దు. తల మీద దుపట్టా కప్పుకున్న అమ్మీ ముఖం ఈ శైలికి చాలా బాగా కుదురుతుంది. తల నుంచి భుజం దాకా ఒక్క గీతలో దిగుతుంది. బోసినోటి అవ్వకు పెదవులు గీయకుండా లోపలికి తిరిగిన ఒక్క వంపు చాలు.

ఇప్పుడు రంగు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి.

ముఖానికి రంగు వేయమనగానే పిల్లలు క్రేయాన్ల పెట్టెలో గులాబీ ఛాయలో ఉండే ముక్క కోసం వెతుకుతారు. "స్కిన్ కలర్ ఏది సార్?" అంటారు. ఆ ముక్క రంగు మన ఒంగోలులో ఎవరి ముఖానిదీ కాదు. పిల్లలు దాన్ని తమ చేతి పక్కన పెట్టి చూసినా, పెట్టె మీద రాసిందే నిజమనుకుంటారు. ఒకటో తరగతి నుంచి ఇలా వేస్తూ వచ్చిన పిల్ల, నల్లగా ఉండే తన అమ్మను కూడా గులాబీ రంగులోనే వేస్తుంది. నాకు ఈ విషయంలో చాలా పట్టుదల ఉంది. జామినీ రాయ్ ముఖాలు చూడండి: ఇటుక ఎరుపు, పసుపు మన్ను రంగు, బూడిద రంగు. తెల్లబరచాలనే ఆత్రం ఎక్కడా కనిపించదు. సంతాల్ గిరిజన స్త్రీలను ఆయన ఎంత నిండుగా, ఎంత హుందాగా వేశారో పిల్లలకు గుర్తుచేయండి.

కాబట్టి ఎర్రమన్ను, గోపీచందనం, కొంచెం మసి ముందు పెట్టి, "మీ అవ్వ చేతి రంగు కలుపు" అనండి. ఎర్రమన్నులో మసి చిటికెడు వేస్తే పొలంలో ఎండకు కాగిన ముదురు గోధుమ వస్తుంది. గోపీచందనంలో ఎర్రమన్ను కలిపితే చామనఛాయ. కలిపిన రంగును చేతి మీద చిన్న చుక్క పెట్టి చూసుకోవచ్చు, మన్నే కదా, కడిగితే పోతుంది. పోస్టర్ కలర్స్ అయితే అట్టముక్క మీద చూసుకోవాలి. ముఖం మొత్తం ఆ ఒక్క రంగే, ఒకే మందం. చెంపలకు ఎరుపు, ముక్కు మీద తెల్ల మెరుపు లాంటివేమీ వద్దు.

తర్వాత చీర లేదా చొక్కా ఒక రంగు, జుట్టు నలుపు, కళ్లలో తెలుపు. కళ్లకు తెలుపు కచ్చితంగా వేయించండి, అట్ట రంగు వదిలేస్తే కన్ను చచ్చిపోతుంది. రంగు పెన్సిల్ గీత దాకా పోకుండా నూలుపోగంత ఎడం ఉన్నా ఫర్వాలేదు, నల్లగీత దాన్ని కప్పేస్తుంది. వేసవిలో ఫ్యాన్ కింద కూర్చుంటే రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపి, పని అయ్యాక వేయండి. ఈ పూట ఇక్కడితో ఆపాలి. పూర్తిగా ఆరని రంగు మీద నల్లగీత వేస్తే పాకుతుంది.

నాలుగో పూట: నల్లగీత

అందరూ ఎదురుచూసేది, అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. ముందు పాత న్యూస్‌పేపర్ మీద బ్రష్‌తో పది గీతలు వేయించండి. బ్రష్ నిండా రంగు తీసుకుని, గిన్నె అంచుకు ఒకసారి మాత్రం ఆనించాలి. బ్రష్ నిటారుగా పట్టుకుని తన వైపుకు లాక్కోవాలి. ముందుకు నెడితే గీత చీలుతుంది. వంపు తిరగాల్సిన చోట చెయ్యి తిప్పకుండా అట్టను తిప్పాలి. నొక్కితే లావు, తేల్చితే సన్నం. గీత మొదట్లో తేల్చి, మధ్యలో నొక్కి, చివర మళ్లీ తేల్చడం పదేళ్ల పిల్లలకు ఒక పూటలో వస్తుంది. చిన్నవాళ్లకు రాకపోయినా లావు గీతే అందంగా ఉంటుంది.

ఒక వరస పెట్టుకోండి. ముందు భుజం, మెడ గీతలు, అవి పొడుగ్గా ఉంటాయి, చెయ్యి కుదురుకుంటుంది. తర్వాత ముఖం చుట్టూ, జుట్టు. ఆ తర్వాత కనుబొమ, ముక్కు ఒకే ఊపులో. కళ్లు అన్నిటికన్నా చివర, 3వ నంబరు బ్రష్‌తో. గీత వేసేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దనీ, మెల్లగా వదులుతూ లాగమనీ చెప్పండి.

గీత పక్కకు పోతే తుడవనివ్వకండి. నలుపు తుడిస్తే ముఖం మొత్తం మసకబారుతుంది. ఆ గీతనే కొంచెం లావు చేసి సర్దవచ్చు, లేదా అక్కడొక నగ పెట్టవచ్చు. చెంప మీద చుక్క పడితే అది దిష్టిచుక్క. చెవి దగ్గర పడితే మాటీ.

ఇక్కడే తల్లిదండ్రుల చేతులు ఊరుకోవు. "ఇటివ్వు, కన్ను ఒక్కటి నేను సరిచేస్తా" అంటారు. వద్దు. ఆ ఒక్క కన్ను వేస్తే బొమ్మ ఇక పిల్లది కాదు, ఆ సంగతి పిల్లకు మనకంటే బాగా తెలుసు. మీరు చేయాలనుకుంటే ఇంకో అట్టముక్క తీసుకుని పక్కన కూర్చుని మీ అమ్మ బొమ్మ మీరు వేసుకోండి. పిల్లలకు అంతకంటే ఉత్సాహం ఇచ్చేది లేదు.

నలుపు ఆరాక అంచులు. జామినీ రాయ్ చాలా బొమ్మలకు చీర అంచులో, బొమ్మ చుట్టూ చుక్కలు, ఆకులు, చిన్న గీతల వరసలు పెట్టారు. మన పిల్లలు ఆ బెంగాలీ నమూనాలు వాడాల్సిన పని లేదు. ఇంట్లో ఉన్న వెంకటగిరి చీర ఒకటి తెచ్చి మధ్యలో పరచండి. జరీ అంచు, దాని పక్కన మామిడి పిందెలు, చిలకలు, హంసలు, ఆకులు. అందులోంచి ఒక్క ఆకారం ఎంచుకుని దాన్నే వరసగా తిప్పమనండి. రెండు మూడు ఆకారాలు కలిపితే అంచు ముఖాన్ని మింగేస్తుంది. బ్రష్ వెనక కొసను తెల్లరంగులో ముంచి పెడితే చుక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి.

చివరికి సంతకం. జామినీ రాయ్ తన పేరు బెంగాలీలో రాసుకున్నారు. పిల్లల చేత తెలుగులో రాయించండి. ఉర్దూ వచ్చిన పిల్లలు ఉర్దూలో రాసుకోవచ్చు.

కుదరనప్పుడు

బొమ్మ పూర్తయ్యాక "మా అవ్వలా లేదు" అని ముఖం ముడుచుకునే పిల్లలు ఉంటారు. ఊరికే "బాగుంది, బాగుంది" అనకండి, వాళ్లు నమ్మరు. ఐదు గుర్తుల కాగితం తీసి ఒక్కొక్కటి సరిచూడండి. సాధారణంగా ఒకటో రెండో వదిలేసి ఉంటారు. ముక్కుపుడక వేరే వైపు పెట్టడం, కనుబొమలు పలచగా ఉండాల్సింది ఒత్తుగా వేయడం, ముడికి బదులు జడ వేయడం. నల్లగీతతోనో తెల్లచుక్కతోనో ఇప్పుడు కూడా సరిదిద్దవచ్చు. అన్నీ సరిగ్గా ఉండి కూడా పోలిక రాకపోతే ముఖం ఆకారం తప్పి ఉంటుంది. నలుచదరపు దవడ ఉన్న మనిషికి కోలముఖం వేసి ఉంటారు. దాన్ని సరిచేయడం కంటే ఇంకో అట్టముక్క తీసుకోవడం నయం. రెండోది సగం టైములో అవుతుంది, మొదటి దానికన్నా బాగా వస్తుంది.

ఇంకో చిక్కు, చురుగ్గా ఉన్న ఒక పిల్లాడి బొమ్మ చూసి మిగతా వాళ్లందరూ అలాగే వేయడం. కూర్చోబెట్టేటప్పుడే గుండ్రంగా కాకుండా వీపులు ఒకరికొకరు ఆనేలా కూర్చోబెడితే ఇది చాలావరకు తగ్గుతుంది.

మన్ను రంగులతో వేసిన బొమ్మ మీద చెయ్యి రాస్తే పొడి రాలుతోందంటే జిగురు తక్కువైందని అర్థం. పల్చటి జిగురును బ్రష్‌తో రుద్దకుండా, స్ప్రే సీసాలో పోసి దూరం నుంచి ఒక్కసారి చల్లండి. రంగు పగిలి పెచ్చులు లేస్తుంటే జిగురు ఎక్కువైంది. తర్వాతి సారి తగ్గించుకోండి. బొమ్మను గోడకు పెట్టేటప్పుడు ఎండ నేరుగా పడని చోటు, వానాకాలంలో చెమ్మ ఎక్కని గోడ చూసుకోవాలి. చింతగింజల జిగురుకు పురుగు పట్టే అవకాశం ఉంది, అందుకని అట్ట వెనక నాలుగు వేపాకులు అంటించి పెట్టండి.

ఐదో పూట కావాలని పిల్లలే అడుగుతారు. అప్పుడు ముఖాలు కాకుండా జంతువులు ఇవ్వండి. ఒంగోలు గిత్త మూపురం, గంగడోలు ఈ గీతకు ఎంత బాగా లొంగుతాయో వేసి చూస్తేనే తెలుస్తుంది. మూపురం మీద నుంచి తోక దాకా ఒకే గీత. పిల్లీ రొయ్యా వేస్తామని ఎవరైనా అంటే, ముందు మార్కెట్ నుంచి ఒక రొయ్య తెప్పించి పళ్లెంలో పెట్టి, మీసాలు ఎన్నో కాళ్లు ఎన్నో లెక్కపెట్టించి, అప్పుడు పలక చేతికివ్వండి.